తడి అట్టపెట్టె వాసన

మార్చి 3, సోమవారం
పాలు మాడిపోయాయి. నేను పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాను. అత్తగారు హాల్లోంచి పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేశారు. ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే ఎలా నిలబడ్డావమ్మా అన్నారు. నాకు ఏ కంపూ తెలియలేదు.

మార్చి 4
కాఫీ పొడి, వెల్లుల్లి, ఫినాయిల్. అన్నీ ఒకటే. జ్వరం తగ్గి పది రోజులైంది. వాసన తిరిగి రావడానికి వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు అన్నాడు డాక్టర్. ఏం పని చేస్తారని అడిగాడు. ఆఫీసు పని అన్నాను.

నిజానికి నా పనంతా ముక్కుతోనే. వైన్ తయారుచేసే చిన్న వైనరీల సరుకు రుచి చూసి, మా కంపెనీ ఏది కొని అమ్మాలో చెప్పడం. పదకొండేళ్ళుగా.

మార్చి 8, శనివారం
వైన్ టేస్టింగ్ క్లబ్. ఆరుగురం. చివరి మాట ఎప్పుడూ నాదే. పళ్ళ డాక్టరమ్మ రేగుపండు వాసన అంది. రిటైర్డ్ లెక్చరర్ గారు మిరియాలు అన్నారు. నేను రెండూ కలిపి, కాస్త తిప్పి చెప్పాను. అందరూ తలూపారు. లెక్చరర్ గారు నా మాటను నోట్‌బుక్‌లో రాసుకున్నారు కూడా.

మార్చి 9
అబద్ధం ఇంత తేలికా.

మార్చి 13, గురువారం
వైనరీ విజిట్. నర్సు ఉద్యోగం మానేసి ద్రాక్షతోట పెట్టినావిడ. ఇదే ఆవిడ మొదటి పంట వైన్. పది పీపాలు. సోమవారం అన్నీ కలిపి బాటిల్స్‌లోకి ఎక్కిస్తుందట. నన్ను పక్కకు తీసుకెళ్ళి, మూడో పీపా మీద అనుమానంగా ఉంది, మీరు చెప్తే నమ్ముతాను అంది.

గ్లాసు తిప్పాను. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఎంత బాగా నటించానో. పులుపు తగిలింది, చల్లగా ఉంది, అంతే. బ్రహ్మాండంగా ఉంది, కలిపేయండి అన్నాను. ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఆ పీపాలోంచే ఒక బాటిల్ నింపి నా చేతిలో పెట్టింది.

మార్చి 15, శనివారం
ఆ బాటిల్ క్లబ్‌కు ఎందుకు పట్టుకెళ్ళానో. ఎవరైనా బాగుందంటే వినాలనేమో. డాక్టరమ్మ ఒక్కసారి వాసన చూసి గ్లాసు దూరంగా పెట్టేసింది. తడిసిన అట్టపెట్టెలా ఉందంది. వైన్ చెడితే వచ్చే వాసన అదే. అందరూ అదే మాట. బాటిల్ సరిగ్గా కడగలేదేమో అన్నాను. ఎవరూ వాదించలేదు. లెక్చరర్ గారు మాత్రం చాలాసేపు నన్నే చూశారు.

మార్చి 16, ఉదయం ఆరు
మంచం మీద ఉండలేను, కుర్చీలో ఉండలేను. ఫోన్ తీశాను, పెట్టాను, తీశాను. చెప్తే ఉద్యోగం పోతుంది. పేరు పోతుంది. చెప్పకపోతే మూడో పీపా మిగతా తొమ్మిదింటినీ పాడుచేస్తుంది. రేపే సోమవారం.

అదే రోజు, సాయంత్రం
కారు తీసుకుని వెళ్ళాను. ఆవిడ ఆవరణలో పైపులు కడుగుతోంది. నిలబడే చెప్పేశాను.

“రెండు వారాలుగా నాకు వాసన తెలియడం లేదండీ. ఆ రోజు అబద్ధం చెప్పాను. మూడో పీపా కలపకండి.”

ఆవిడ కుళాయి కట్టేసింది. మొదట అడిగింది జ్వరం ఎప్పుడొచ్చిందని. నర్సు బుద్ధి ఎక్కడికి పోతుంది. చెప్పాను. తర్వాత పైపు చుట్టి పక్కన పెట్టి అంది.

“నా ముక్కు నాకు చెప్తూనే ఉంది. మీ మాట విని దాని నోరు నొక్కేశాను.”

నన్ను అక్కడే నిలబెట్టి మూడో పీపా తెరిచి కాలువలోకి వదిలేసింది. ఏడాది కష్టం ఎర్రగా మా చెప్పుల చుట్టూ పారింది. తిట్టి ఉంటే బాగుండేది. పీపా ఖాళీ అయ్యాక వెళ్ళండి అంది.

మార్చి 18
బాస్‌కు చెప్పాను. ఉద్యోగం పోలేదు. గోడౌన్‌కు మార్చారు. వచ్చిన డబ్బాలు లెక్కచూసుకోవాలి. మా ఆయనకు కూడా ఇవాళే తెలిసింది. తనకు ముందే ఎందుకు చెప్పలేదని అలిగాడు.

మార్చి 22, శనివారం
క్లబ్‌లో చెప్పాను. డాక్టరమ్మ లేచి వెళ్ళిపోయింది. లెక్చరర్ గారికి మొదటి వారమే అర్థమైందట. నేను నొచ్చుకుంటానని అడగలేదట. ఆయన మీద ఎందుకంత కోపం వచ్చిందో తెలియదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే?

ఏప్రిల్ 6
తోట ఆవిడ ఫోన్ చేసింది. బాటిల్స్‌లోకి ఎక్కించడం అప్పుడే ఆపేసిందట. మిగిలిన తొమ్మిది పీపాల్లో పులుపూ వగరూ ఎలా ఉన్నాయో చెప్పాలట. నా ముక్కు ఇంకా రాలేదన్నాను.

“ముక్కు నాకుంది. మీరు నాలుక పట్టుకురండి.”

వెళ్తున్నాను.