లైటు చూడ్డానికి తీసిన ఫొటోలు

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఫ్రేము కట్టించడానికి నీ ఫొటో కావాలంది మీ చెల్లి. ద్వారకా నగర్‌లో మన స్టూడియోకే తీసుకొచ్చేను.

కంప్యూటర్లో ఫైళ్లన్నీ ఉత్త నంబర్లే కదా. స్లో అయిపోతందని చిన్న బొమ్మలు కనపడకుండా మనమే ఆపేసేం. ఇవాళ ఆ సెట్టింగ్ మార్చేను. పెళ్లికూతుళ్లు, పసిపిల్లలు, పాస్‌పోర్టు మొహాలు వరసగా వచ్చేయి. నువ్వు లేవు. లైటు చూడ్డానికి రోజూ ముందు నిన్నే నిలబెట్టి తీసేవోణ్ణి. కస్టమరు కూచోగానే నీది డిలీట్ చేసేసేవోణ్ణి.

ఒక పెళ్లికూతురి పక్కన, మొహమ్మీద వెలుతురు పడ్డానికి తెల్ల థర్మాకోల్ షీటు పట్టుకున్న చెయ్యి కనపడింది. వాచీ చూసి మీ చెల్లి గుర్తుపట్టింది.

"మొహం ఉన్నది ఒక్కటీ నేదేటి?" అని అడిగింది.

నువ్వే ఫొటో తీయనిచ్చేవోడివి కాదని చెప్పేను.