నీ కడుపునొప్పి, నా కరపత్రం

మల్లేశూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు ఇటుకలు మోసిన హైటెక్ సిటీ మేడకు అద్దాలు బిగించారు. పెద్దలు దాన్ని భవిష్యత్తంటున్నారు, అననీ.

కంపెనీ వాళ్లు కూలీల క్యాంపులో మురికినీళ్లు తాగించి నిన్ను చంపారని అప్పట్లో యూనియన్ తరఫున కరపత్రం రాశాను. ఇవాళ మీ కూలీల ముందు దాన్నే మళ్లీ చదవబోతుంటే నీ భార్య యాదమ్మ లేచింది.

"నీళ్లు కాదన్నా! కోసి చూసిన డాక్టరు లింఫోమా అన్నడు. అదొక క్యాన్సరట. గడ్డ లేచి పేగుల పేగు చొచ్చి మూసుకపోయిందట, పెద్దోళ్లల్ల గిట్ల అయ్యుడు అరుదట. ఆ కాగితం నీకే ఇచ్చిన గద!"

ఇచ్చింది. నా వాదనకు పనికిరాదని మడిచి పెట్టేశాను.

"మూడు నెలలు కడుపు పట్టుకొని తిరిగిండు. మేస్త్రి గ్యాసన్నడు. నువ్వేమన్నవ్?"

సోడా తాగమన్నాను మల్లేశూ. మీటింగుకు ఆలస్యమవుతోందని కూడా అన్నాను.

ఆ నీళ్లు మురికివే, సెలవడిగితే కూలి కోసింది ఆ కంపెనీ వాళ్లే. నా కోపం తగ్గలేదు. కానీ కరపత్రం చదవలేదు. ఇక్కడ కడుపునొప్పి ఎవరికుందని అడిగాను. వెనక నుంచి ఒక చెయ్యి లేచింది.

"నెల నుంచి ఉంది సార్. సోడా తాగిన, తగ్గుతలేదు."

రేపు పొద్దున గచ్చిబౌలిలో మీటింగుంది. నేను వెళ్లడం లేదు. అతనితో దవాఖానకు పోతున్నాను.