ఒక్కరోజులో వెళ్ళిరాగల ఊళ్ళు

12 ఏప్రిల్ 2016, మంగళవారం

బట్టలు రెండు లోడ్లు. ఇస్త్రీ పద్నాలుగు. ఇడ్లీ పిండి రుబ్బాను. ఏసీ ఫిల్టర్ కడిగాను. టైపింగ్ సెంటర్‌కు ఒకసారి.

వియన్నా వీసాలు వచ్చాయి. కాదు, నాది వచ్చింది. ఈయనది రాలేదు.

ఎలా జరిగిందో తెలియడం లేదు. దుబాయ్‌లో నా రెసిడెన్స్ వీసా ఈయన ఉద్యోగం మీదే ఉంది. బ్యాంకు కాగితాలు ఈయనవి. నా ఫారంలో ఉద్యోగం అన్నచోట గృహిణి అని ఉంది. ఫారాలు టైప్ చేసిన హయాత్ బాషాకు చూపించాను. ఏందమ్మా ఇది, రైలింజన్ని ఆపేసి డబ్బాను మాత్రం పొమ్మన్నారే అన్నాడు. డిసెంబర్‌లో సార్ రిటైర్ అయితాడు కదా, దానికేమో అని కూడా అన్నాడు. ఈయన దుబాయ్ వీసా కాన్సిల్ అయిన రోజే నాదీ పోతుంది. మరి నన్నెలా నమ్మారు?

14 ఏప్రిల్, గురువారం

వంట, గిన్నెలు, బాల్కనీ కడగడం. మిగతావి వాయిదా.

మీరిద్దరూ వెళ్ళిరండి అన్నారు ఈయన, అన్నం కలుపుతూ. తల ఎత్తలేదు. ఇద్దరూ అంటే నేనూ, కింది ఫ్లాట్‌లో ఉండే భీమవరం నర్సు ఎలీనా. మొదటినుంచీ ముగ్గురం అనుకున్న ప్రయాణమే. కానీ వియన్నా నుంచి ఒక్కరోజులో వెళ్ళిరాగల ఊళ్ళన్నీ రెండేళ్ళుగా రాసుకున్నది ఈయన. పదకొండు ఊళ్ళు, బస్సు టైములతో సహా.

వెళ్తే ఈయన్ని వదిలేసి వెళ్ళినట్టు. మానేస్తే ఇక ఎవరమూ చూడం. డిసెంబర్ తర్వాత ఈ జీతం ఉండదు.

15 ఏప్రిల్, శుక్రవారం

ఏమీ తేలలేదు.

17 ఏప్రిల్, ఆదివారం

ఎలీనా బయటపెట్టేసింది. బావగారు మొహమాటానికి వెళ్ళమంటున్నారనుకుంటన్నావా అక్కా, నీకు స్వెట్టరు కొనేసి నిన్న మా ఇంట్లో దాచేరు, నువ్వు చూస్తే తిరిగిచ్చేయమంటావంట, అంది.

వేసి చూశాను. చేతులు పొడుగు. తిరిగివ్వలేదు. వెళ్తున్నాను.

24 ఏప్రిల్, ఆదివారం, వియన్నా, సాయంత్రం 7

నిన్న మెల్క్‌లో కొండమీది మఠం చూశాం. ఇవాళ బ్రాటిస్లావా. లిస్టులో నాలుగోది. అది వేరే దేశంలో ఉంది, ఆ దేశానికి రాజధాని కూడా. అయినా బస్సులో గంటే.

పాస్‌పోర్ట్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. పొలాలు, గాలిమరలు, ఇంకా పొలాలు. ఎలీనా దిగమంది. బోర్డర్ ఏదీ అన్నాను. ఎప్పుడో దాటేశాం అంది. ఎవరూ బస్సు ఆపలేదు. ఎవరూ ఏమీ అడగలేదు.

మస్కట్ వెళ్ళినప్పుడు హత్తా బోర్డర్ దగ్గర ఎన్ని కౌంటర్లు, ఎన్ని ముద్రలు. ఇక్కడికి దొంగతనంగా వచ్చినట్టే కదా. రేపు దుబాయ్‌లో పట్టుకుంటే జవాబు చెప్పాల్సింది ఈయన. ముద్ర వేసే కౌంటర్ కోసం బస్‌స్టేషనంతా తిరిగాను. టికెట్లమ్మే ఆవిడ, ఈ దేశాల మధ్య ముద్రలే ఉండవంది. నమ్మలేదు. ఒక పోలీసు పాస్‌పోర్ట్ అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, ఇచ్చేశాడు. అక్కా, కోట చూస్తావా, ముద్దర కోసం తిరుగుతావా, పోనీ మా వార్డు స్టాంపు తెచ్చి కొట్టనా అని ఎలీనా వెక్కిరింపు. రెండు గంటలు పోయాయి. కోటను కిందనుంచే చూశాం.

ఈయనకు ఫోన్ చేశాను. తిడతారనుకున్నాను. ఎవరూ అడగలేదా అన్నారు. అసలెవరూ అడగలేదా అని మళ్ళీ అడిగారు. ఎందుకో తెలియదు.

28 ఏప్రిల్, గురువారం, అల్ కుసైస్, దుబాయ్

బట్టలు మూడు లోడ్లు. సూట్‌కేస్ ఎండలో పెట్టాను. ఈయన వారం రోజుల గిన్నెలు బాగానే తోమారు.

నా పాస్‌పోర్ట్ పేజీ పేజీ తిప్పి చూశారు. తర్వాత చెప్పారు. పెళ్ళయిన కొత్తలో నేనింకా కాకినాడలో ఉండగా, ఈయన మూడేళ్ళు ఈ దేశంలోనే ముసఫ్ఫాలో, కంపెనీ క్యాంపులో ఉన్నారు. అందరి పాస్‌పోర్టులూ కంపెనీ పెట్టెలో ఉండేవి. శుక్రవారం బయటికెళ్ళాలంటే ముదీర్, అంటే మేనేజరు, చీటీ ఇవ్వాలి. ఇచ్చేవాడు కాదు. గదిలో ఆరుగురూ కూర్చుని, చీటీ దొరికితే ఒక్కరోజులో ఎక్కడికి వెళ్ళిరావచ్చో కేలండర్ వెనక రాసుకునేవాళ్ళట.

అల్ ఐన్ తోటల గురించి, ఫుజైరా సముద్రం గురించి అప్పట్లో నాకు ఉత్తరాల్లో పేజీలకు పేజీలు రాశారు. అవేవీ చూసి రాసినవి కావట. పాతికేళ్ళు నమ్మాను. కోపపడాలో జాలి పడాలో తెలియలేదు. పెరుగు వడ్డించాను.

మీరున్న చోటు ఎలా ఉండేదో ఒక్క ఉత్తరంలోనూ లేదే, నేను వచ్చాక చూపిస్తానని మాత్రం రాశారు అన్నాను. చూడ్డానికేముంది కుసుమా, గ్యారేజీలూ దుమ్మూ అన్నారు. రేపు శుక్రవారమే కదా అన్నాను.

29 ఏప్రిల్, శుక్రవారం

ముసఫ్ఫా. రెండు బస్సులు మారి వెళ్ళాం. ఆ బిల్డింగ్ లేదు, టైర్ల షాపుంది. ఈయన టైర్ల మధ్య నిలబడి మంచం ఎక్కడుండేదో, కిటికీ ఎంత ఎత్తులో ఉండేదో చేత్తో చూపించారు. షాపువాడు ఏ సైజు కావాలని అడిగాడు.

నేను చూశాను.

చూపిస్తానని ఉత్తరంలో రాసిన బాకీ: చెల్లు.