మునివెంకటమ్మకు మందు

2 మార్చి 1944, యలహంక
టైఫాయిడ్ తగ్గి రెండు నెలలైనా నా భార్య మునివెంకటమ్మ మంచం దిగలేదు. రోజూ రెండు చెంచాల ద్రాక్ష వైను పట్టమన్నాడు డాక్టరు. యుద్ధకాలం, సీమ వైను ఎక్కడ దొరుకుతుంది? పెరటి పందిరికి ఎనిమిది సేర్ల ద్రాక్ష ఉంది. నేనే చేస్తాను! వైను తయారయ్యే నలభై రోజులూ ఒక్క బొట్టు ముట్టను. బడిలో తాగుడు చెడ్డదని పాఠం చెప్పేవాణ్ణి, ముట్టడమేమిటి!

3 మార్చి
పక్కింటి పిల్లప్ప దొరల బంగళాలో ముప్పై ఏళ్లు వంట చేశాడు. ఆయనే గురువు. ద్రాక్ష చిదిమాం. రేషను చక్కెర రెండు సేర్లు వేశాం. పిల్లల పాలకు చక్కెర బంద్! జాడీ మూతికి గుడ్డ కట్టాం.
"దినమూ కట్టెతో కలపల్ల, జయరామప్పా. నోట్లో మాత్రం పెట్టొద్దు," అన్నాడు నాతో.

8 మార్చి, ఉదయం 6
నురగ! బుసబుస!
"ఏమి, బిడ్డ పుట్టినట్ల మురిసిపోతాండారు?" అంది మునివెంకటమ్మ, పడుకునే.

14 మార్చి
కట్టె తుడుస్తుంటే వేలికి అంటింది. వేలు నోట్లోకి పోయింది. తాగడం కాదు.

19 మార్చి
ఒక చెంచా. రోగికిచ్చే మందు పరీక్షించవద్దా? కొంచెం వగరు.
సాయంత్రం 4: వగరు నిజమేనా అని మళ్లీ చూశాను. నిజమే.

27 మార్చి
వడకట్టాం. మూడు సీసాలు నిండాయి. ఇంకో అర సీసా మిగిలింది. గాలి తగిలితే పాడవుతుందన్నాడు పిల్లప్ప. పాడు కానివ్వలేదు.

3 ఏప్రిల్
జలుబు. అర గ్లాసు. ఎక్కాలు పాటగా పాడానట. హెడ్మాస్టరు పిలిచి, "ఏమప్పా, ఒళ్లు బాగుండాదా?" అన్నాడు.

5 ఏప్రిల్
జలుబు పోయింది. మళ్లీ రాకుండా ఒక గ్లాసు. సీసాలో తగ్గిన మేరకు కాచిన నీళ్లు పోశాను.

9 ఏప్రిల్
రంగు పలచబడింది. మళ్లీ నీళ్లు. బెల్లం.

11 ఏప్రిల్. నలభయ్యో రోజు
చెంచా నోట్లో పెట్టగానే మునివెంకటమ్మ ఉమ్మేసింది.
"ఇది మందా? పుల్లనీళ్ల మాదిరి ఉండాది. నిజం చెప్పండి, తాగినారా?"
"రుచి చూశాను."
"ఎంత?"
నీళ్లు ఎంతవరకు పోశానో సీసా మీద వేలితో చూపించాను.
"నాకు బలమొస్తాదని బిడ్డలు నలభై దినాలు చప్పిడి పాలు తాగినారు. మీరు చూస్తే..."
దుప్పటి తోసి లేచింది. గోడ పట్టుకుని నడిచి, ఒక్కో సీసా పెరట్లోకి మోసుకెళ్లి పారబోసింది. సాయం పోతే "ముట్టొద్దండి" అంది. మూడో సీసాకు గోడ వదిలేసింది.
మూడు నెలల్లో ఆమె గడప దాటడం ఇదే మొదలు. ఏడ్చాను. సిగ్గో, సంతోషమో.

18 ఏప్రిల్
డాక్టరు వచ్చాడు. పొయ్యి దగ్గర నిలబడ్డ ఆమెను చూసి, "వైను బ్రహ్మాండంగా పనిచేసింది! ఇంకో జాడీ వేయండి!" అన్నాడు. మునివెంకటమ్మ నావైపు చూసింది.
ఆయన వెళ్లాక, "వేద్దాం. కలిపేదీ నేనే, రుచి చూసేదీ నేనే," అంది.
సరే. ఈసారి జాడీలో ఒక్క బొట్టు ముట్టను. ఇది ఖాయం! ఒక్కరి నాలుకతో రుచి సరిగ్గా తేలుతుందా అన్నదే అనుమానం.