ఎర్ర దారం కట్టిన చోటు

గోడాదరా, సూరత్
ధనత్రయోదశి

అక్కా,

సముద్రం చూడటానికి వస్తానన్నావు. నేను సూరత్ బండి ఎక్కిన రోజు కిటికీ చువ్వల్లోంచి సద్దిమూట అందిస్తూ నువ్వన్న మాట అది. "తమ్మీ, బతుకమ్మ పండుగ కాంగనే వస్త. నాకు సముద్రం చూపియ్యాలె." అప్పటికి నేనూ చూడలేదు. నువ్వొస్తే ఇద్దరం కలిసి చూద్దామని చాలాకాలం అటువైపు పోకుండా కూర్చున్నాను. నువ్వు రాలేదు. ఏళ్ళ తర్వాత నీ కొడుకు శ్రీనివాసును పంపావు. నువ్వు మాత్రం రాలేదు. దెప్పడానికి రాస్తున్నాననుకుంటే అనుకో, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ అసలు సంగతి, ఇక రావద్దని చెప్పడం.

నీకు శనార్తులు, బావకు శనార్తులు. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావకు దగ్గు తగ్గిందా, లేక ఇంకా చుట్ట మానలేదా? ఇక్కడ మేమంతా బాగున్నాం. నేను బాగున్నాను, నా బిడ్డ సరోజ బాగుంది, దాని కూతురు శ్రావణి బాగుంది. ఈ ముక్క ముందే రాసేస్తున్నాను. తర్వాత రాయగలనో లేదో తెలియదు.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు సగం మాటకే ఏడుస్తావు, లేదంటే బావకు ఇస్తావు. ఆయన అక్కడ వానలు పడ్డాయా అని అడిగి పెట్టేస్తాడు. కాగితం మీదయితే నా మాట చివరిదాకా వినక తప్పదు.

మగ్గాలన్నీ దీపావళికి బందయ్యాయి. పగలూ రాత్రీ దడదడలాడే వీధి చప్పున నోరు మూసుకుంది. మగ్గాల మధ్య బతికిన అలవాటుకు జనం ఆ నిశ్శబ్దంలోనూ అరిచే మాట్లాడుకుంటున్నారు. పాండేసరలో రంగుల మిల్లులు కూడా ఆగాయి కనుక వాగులో నీళ్ళు ఈ వారం ఎర్రగా, నీలంగా లేవు. దాన్ని ఇక్కడ ఖాడీ అంటారు. రంగున్నప్పుడు కనీసం అందులో ఏం కలిసిందో ఊహించుకునేవాణ్ణి. ఇప్పుడు అదీ తెలియడం లేదు. ఎండ ఇంకా తగ్గలేదు. సరోజ పప్పులో బెల్లం వేయడం నేర్చుకుంది. ఇక్కడ పుట్టిన పిల్లకు అదే రుచట. ఎవరైనా సిరిసిల్ల నుంచి వస్తుంటే మన కారంపొడి పంపించు. ఇక్కడిది ఎర్రగా ఉంటుంది, అంతే.

నీ మరదలు పోయాక నాకు పుస్తకాలే తోడు. అదీ ఎక్కువకాలం సాగనివ్వలేదు. మన సంఘం భవనంలో నేను ఏళ్ళ తరబడి కూడబెట్టి నింపిన బీరువాను మెట్ల కిందికి నెట్టారు, వేదిక పెద్దది చేయడానికి. ఆ వేదిక మీద రాతిపలక నీ కొడుకు పేరు చెబుతోంది. పలక చదివేవాళ్ళున్నారు, పుస్తకం చదివేవాళ్ళు లేరు. సరే, ఆ గొడవ ఇంకోసారి.

శ్రావణి సంగతి చెప్పాలి. అది ఏం చదువుతుందని నువ్వు ఎన్నిసార్లు అడిగినా "సైన్సు" అని తప్పించుకున్నాను. ఖాడీ సముద్రంలో కలిసే చోట బురదలో బతికే రొయ్యల గురించి పరిశోధన చేస్తోంది. మొదట నేనూ నవ్వాను. మగ్గం నేసిన ఇంట్లో పిల్ల బురద తవ్వడమేమిటని. కానీ పెత్తరమాస నాడు, మన ఆడవాళ్ళంతా ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తుంటే, అది మోకాళ్ళదాకా బురదతో ఇంటికొచ్చి ఒక సీసా నా ముందు పెట్టింది. సారాయిలాంటి నీళ్ళలో చిటికెన వేలి గోరంత రొయ్య. ఒక చెయ్యి మాత్రం దాని ఒంటికి మించి ఉంది. ఆ చేతిని టక్కున మూసి చిటికె వేసినట్టు చప్పుడు చేస్తుందట. ఆ చప్పుడుకే పక్కనున్న పురుగు సొమ్మసిల్లుతుందట. ఇలాంటివి లోకంలో చాలా రకాలున్నాయి, కానీ ఇది ఏ రకంతోనూ కలవలేదు. శ్రావణి వారమంతా పుస్తకాలు వెతికింది. దీన్ని ఇంతకుముందు ఎవరూ రాయలేదు.

కొత్త జీవి అని లోకానికి చెప్పాలంటే నోటిమాట సరిపోదక్కా. ఒంటి మీది ప్రతి వెంట్రుకా బొమ్మలో ఉండాలి. ఎక్కడ దొరికిందో రాయాలి. ఎవరైనా వచ్చి సరిచూసుకునేలా ఆ జీవి సీసాలో భద్రంగా ఉండాలి. బొమ్మ పని నాకు వచ్చింది. చీరల డిజైన్లు గ్రాఫు కాగితం మీద గీసిన చెయ్యి కదా. సూక్ష్మదర్శినిలో చూసి గీశాను. మొదటి బొమ్మ చూసి శ్రావణి పడీపడీ నవ్వింది.

"తాతా, ఇది చీర బుట్టా కాదే! ఒకపక్క గీసి రెండోపక్కకు తిప్పేసినవ్. దీనికి ఎడమ చెయ్యి, కుడి చెయ్యి ఒక్కతీరుగ ఉండయి."

"దేవుడికి డిజైన్ రాదు," అన్నాను.

"దేవునికి కాదు, నీకే రాదు. ఫిర్ సే గీయి."

మళ్ళీ గీశాను. ఎన్నోసార్లు గీశాను. నా చేతి కింద ఇంత పనికొచ్చే గీత ఎప్పుడూ పడలేదు. చీర చిరిగిపోతుంది, మోజు మారిపోతుంది. ఈ బొమ్మను నేను పోయాక కూడా ఎవరో ఒకరు తెరిచి చూస్తారు. ఈ ఆశ ఈ వయసులో పుట్టడం మంచిది కాదని నాకు తెలుసు.

ఒక చిక్కు వచ్చింది. దొరికింది ఒక్క మగది. తవ్వేటప్పుడు దాని చిన్న చెయ్యి విరిగిపోయింది. శ్రావణి గురువుగారు, బూటుకు ఎన్నడూ బురద అంటని మహానుభావుడు, ఫ్యాను కింద కూర్చుని "ఒక్క విరిగిన ముక్కతో ఎలా రాస్తామమ్మా, ఆడది కూడా ఉండాలి, ఇంకాస్త వెతుకు" అన్నాడు. ఆ చోట నీళ్ళు బాగా వెనక్కి పోయేది అమావాస్యకూ పున్నానికీ. మిగతా రోజుల్లో తవ్వేంత తీరిక నీళ్ళు ఇవ్వవు.

దసరా నాడు శ్రీనివాసు జమ్మి పట్టుకుని వచ్చాడు. మా సందులో పట్టదని కారు మలుపులోనే ఆపాడు. "మామా, బంగారం తీస్కో" అని ఆకు చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కాడు. దీవించాను. బల్ల మీద నా బొమ్మ చూశాడు. రొయ్యను ఇక్కడ జింగా అంటారు.

"ఏంది మామా, చీరల మీద గిప్పుడు జింగాలు గూడ నేస్తున్నరా?"

శ్రావణి ఉత్సాహంగా అంతా చెప్పింది, ఎక్కడ దొరికిందో కూడా. వాడి ముఖాన నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం బొమ్మ మీంచి లేచి నా మీద ఆగాయి.

"బిడ్డా, ఆడ ఓడల మాల్ పెట్టే యార్డు కోసం మట్టి పోసే పని నాదే. దివాలీ ముంగటనే షురూ చెయ్యాలె."

"దివాలీ అమాస దాక ఆగు పెద్దనాన్నా. గప్పుడు నీళ్ళు మస్తు దూరం పోతయి. ఒక్క ఆడది దొరికితే చాలు."

"ఆడదాని కోసం అమాస దాక ఎదురుచూస్తున్న అంటే మీ పెద్దమ్మ నన్ను ఇంట్లకు రానియ్యది!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అప్పుడు వాడు నా వైపు తిరిగి, "మామా, నువ్వు చెప్పు. ఆగుమంటవా?" అన్నాడు.

"ఆగరా."

"అయిపాయె. నీ ఇంట్ల తిని పెరిగినోన్ని, నీ మాట తీసేస్తనా? ఒక్క పని చెయ్యుండ్రి. ఆడ కట్టెలు పాతి ఏదన్న గుర్తు కట్టుండ్రి. డ్రైవర్లకు సమజైతది, ఆ జాగ ముట్టరు."

పున్నం నాడు శ్రావణితో నేనూ పోయాను. నా కుడి చెవి మగ్గాల మోతకు ఎప్పుడో పోయింది. శ్రావణి తీగ చివర ఏదో పరికరం బురదలో గుచ్చి, ఈ కొస నా ఎడమ చెవిలో పెట్టింది. అక్కా, మూకుట్లో మక్క పేలాలు వేగినట్టు ఆ బురద కింద ఊరంతా చిటికెలు వేస్తోంది. అంత జనం అక్కడున్నారని పైన నిలబడితే తెలియదు. ఆ రోజు ఆడది దొరకలేదు. బొరియలు లోతుగా ఉన్నాయి, ఇంతలో నీళ్ళు తిరిగాయి. బొరియలున్న జాగా చుట్టూ కట్టెలు పాతి, ఇంట్లో మిగిలిన నూలు ఉండలోంచి ఎర్ర దారం తీసి కట్టాం. నేనే కట్టాను. దూరం నుంచి కనబడేలా బాగా చుట్టాను.

వారం తర్వాత ఒకసారి చూసొద్దామని పోయాం. ఎడమవైపు బురద అలాగే ఉంది. కుడివైపు అలాగే ఉంది. రోడ్డు నుంచి నాలుకలా ఒక మట్టికట్ట మాత్రం తిన్నగా సముద్రంలోకి సాగి, మేం కట్టెలు పాతిన జాగాను కప్పేసి ఆగింది. ఇంకెక్కడా ఒక్క తట్ట పోయలేదు. డంపరు నీడలో భోజనం చేస్తున్న డ్రైవరును అడిగాను. పాపం, వాడు దాచలేదు.

"సేఠ్ నే బోలా థా, చాచా. జహాఁ లాల్ ధాగా హై, వహీఁ సే షురూ కరో."

ఎర్ర దారం ఎక్కడుందో అక్కణ్ణుంచే మొదలుపెట్టమన్నాడట. శ్రావణి పరికరం మట్టి అంచున గుచ్చి చాలాసేపు విని, నా చేతికిచ్చింది. డంపరు ఇంజను గురగుర తప్ప ఇంకేమీ లేదు.

అక్కడి నుంచే శ్రీనివాసుకు ఫోన్ చేశాను. వాడు బుకాయించలేదు, అది మాత్రం నిజం.

"మామా, జర సమజ్ చేస్కో. ఆ రొయ్య కాగితాలల్ల ఎక్కిందనుకో, రేపు ఎవడో కోర్టుకు పోతడు, పని ఆగుతది. నా కింద ఉన్నోళ్ళంత మనోళ్ళే, మగ్గాలు బందయి రోడ్డు మీద పడ్డోళ్ళు. ఆళ్ళ పొయ్యి నీ రొయ్య ముట్టిస్తదా?"

"అమాస దాకా ఆగుతనంటివి కదరా."

"అంటి. పండుగ పూట ఇంటికొచ్చి, చేతుల జమ్మి పెట్టి, కాదంటనా మామా? గిట్లనే మాట్లాడుతవా?"

మగ్గాలు ఆగినవాళ్ళ గురించి వాడన్నది నిజమే. ఆ పొయ్యిల సంగతి నాకు వాడికంటే ఎక్కువ తెలుసు. కానీ దసరా నాడు మొహం మీద కాదని ఉంటే ఈ పిల్ల పున్నం నాడు కట్టెలు పాతుతూ పొద్దు పుచ్చేది కాదు. నలుగురిని వెంటేసుకుని నీళ్ళు తిరిగేదాకా తవ్వేది. వాడి అబద్ధం ఆ పున్నాన్ని తినేసింది. మా చేతనే గుర్తు కట్టించుకుని మరీ తినేసింది.

ఇక ఇప్పుడు అసలు సంగతి. ఎల్లుండి అమావాస్య. మట్టికట్టకు అవతల, సముద్రం వైపు, సన్నటి బురద నాలుక ఒకటి మిగిలింది. ఇంకా బొరియలుంటే అక్కడే ఉండాలని శ్రావణి అంటోంది. ఈ కట్ట పడకముందు నీళ్ళు ముందు నుంచి వచ్చేవి, వస్తుంటే కనబడేవి. కట్ట పడ్డాక పాత కాలవ మూసుకుపోయి నీళ్ళు చుట్టూ తిరిగి వెనక నుంచి వస్తున్నాయి. మనిషి ఎదురుగా సముద్రాన్ని చూస్తూ తవ్వుకుంటుంటే వెనక దారి మూసుకుపోతుంది. ఈ తీరంలో పోటు నడిచి రాదు, పరుగెత్తి వస్తుంది. నాటుపడవల వాళ్ళు ఆ పక్కకు పోవడం మానేశారు.

వద్దన్నాను. తిట్టాను కూడా.

"తాతా, టెన్షన్ మత్ లో. పోత, తవ్వుత, వస్త. మళ్ళ పున్నం వచ్చేవరకు ఆ ముక్క గూడ ఉండది. గప్పుడు నీ బొమ్మ దేని బొమ్మ అని చెప్తం?"

ఈ పిల్ల నా మొండితనమే పుణికిపుచ్చుకుంది. స్నేహితురాలు వెంట వస్తానంది కానీ పండక్కి ఊరెళ్ళిపోయింది. నేను పోతాను. నా కాళ్ళు ఆ బురదలో ఆనవు కనుక నీ కొడుకు పోసిన మట్టి మీదే నిలబడి నీళ్ళకేసి చూస్తుంటాను. నీళ్ళు వెనక నుంచి వస్తే అరుస్తాను. నా గొంతు అంత దూరం పోతుందో లేదో ఇవాళ మేడ మీదికెక్కి చూసుకున్నాను. వీధి చివర ఎవరూ తల తిప్పలేదు. ఈ నీళ్ళ సంగతి సరోజకు తెలియదు. కాలేజీ పని అని చెప్పాం.

ఈ ఉత్తరం నీకందేసరికి ఆ అమావాస్య దాటిపోతుంది. ఈలోగా సరోజ నుంచి మామూలుగా ఫోన్ వచ్చి ఉంటే ఇది చించెయ్యి. పిచ్చి ముసలాడు భయపడ్డాడని నవ్వుకో. అలా నవ్వుకోవాలనే కోరుకుంటున్నాను. మేం బాగానే ఉంటాం. బాగానే ఉంటాం అక్కా.

చిన్నప్పుడు జ్వరమొస్తే నా నుదుటి మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగేదానివి. ఆ దీవెన నాకొద్దు. నేను చూడాల్సింది చూశాను. అది శ్రావణికివ్వు. బావకు, మీ అత్తగారి వైపు పెద్దలకు, మన వాడకట్టులో నన్నింకా ఎరిగినవాళ్ళు ఉంటే వాళ్ళకు పేరుపేరునా శనార్తులు చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు
రాజేశం

సంతకం పెట్టాక ఇంకొక్క మాట. ఎల్లుండి ఏదన్నా జరిగితే మీవాళ్ళు రకరకాలుగా చెబుతారు. సముద్రం అంటారు, పిల్ల మొండితనం అంటారు, దాని గురువు అంటారు, ఈ ముసలాడి బొమ్మల పిచ్చి అంటారు. నువ్వొస్తే వాడి తల్లిగా నువ్వూ అదే అంటావు, అందుకే రావద్దన్నాను. ఏమీ జరగకపోయినా, పిల్ల నవ్వుతూ తిరిగొచ్చినా సరే, దాన్ని ఆ నీళ్ళ మధ్యకు తోసినవాడు నా లెక్కలో ఒక్కడే. శ్రీనివాసు.