దయచేసి అనుమతి ఇవ్వకండి

లోవర్ గిల్ పొలం,
6 ఆగస్టు 1984

స్కెల్బరీ నడక సంఘం కార్యదర్శి ప్రాక్టర్ గారికి,

రూబెన్ గార్సైడ్ నమస్కారాలు. మీ సంఘంవాళ్ళు శనివారం శనివారం స్కెల్బరీ నుంచి హార్న్‌విక్‌కు నడుస్తూ నా గొర్రెల బీడు మధ్యగా పోతుంటారు కదా. మొన్న వానలో తడిసి ముద్దయి వెళ్తుంటే చూశాను. ఈసారి మా వంటింట్లోకి రండి. టీ పెడతాను, పండ్ల కేకు ఉంటుంది. బీడుమీద మీ ఇష్టమొచ్చినట్టు నడవండి, నా అనుమతి ఉంది.

కాకపోతే సెప్టెంబరు నెలాఖరు వరకే. ఆపైన పొలం అమ్మేసి మా చెల్లెలి ఊరికి పోతున్నాను. కొనే పెద్దమనిషికి తన నేలమీద పరాయి కాలు పడితే గిట్టదట.

ఇట్లు,
రూబెన్ గార్సైడ్

తా.క. తలుపు తట్టకండి, తోసుకుని వచ్చేయండి. తడితే మా కుక్క దొంగలనుకుంటుంది.


స్కెల్బరీ,
8 ఆగస్టు 1984

గార్సైడ్ గారికి,

మీ ఉత్తరం సంఘంలో చదివి వినిపించాను. అయ్యా, మీ మంచితనం మా కొంప ముంచింది.

చట్టం ఇలా ఉంది. ఒకరి నేలమీద జనం ఇరవై ఏళ్ళు బాహాటంగా, అనుమతి లేకుండా, ఎవరూ అడ్డుపెట్టకుండా నడిస్తే ఆ దారి జనానిదే. తర్వాత ఎవరు కొన్నా మూయలేరు. మాకు సెప్టెంబరు ఇరవై రెండుకు ఇరవై ఏళ్ళు నిండుతాయి. ఇంకా ఏడు వారాలు కూడా లేవు. ఇప్పుడు మీరు అనుమతి ఇచ్చారంటే మేం మీ దయమీద నడిచినట్టు. లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

మీ బీడు పోతే మాకు మిగిలేది లారీల రోడ్డు. ఆ రోడ్డు మలుపులోనే, 1964 సెప్టెంబరులో, నా భర్త క్లెమెంట్‌ను లారీ కొట్టేసింది. ఇంకొకరు అలా పోకూడదనే ఆ నెల నుంచి బీడుకు అడ్డంపడి నడుస్తున్నాం. దయచేసి మీ అనుమతి వెనక్కి తీసుకోండి.

భవదీయురాలు,
హిల్డా ప్రాక్టర్

తా.క. కేకు విషయమై సంఘంలో ఓట్లు తీసుకున్నాం. ఒక్క ఓటు తేడాతో వద్దనుకున్నాం. అందులో ఎండుద్రాక్ష వేస్తారా?


లోవర్ గిల్ పొలం,
13 ఆగస్టు 1984

ప్రాక్టర్ గారికి,

పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. నా జన్మలో ఒకరిని టీకి పిలిచి చీవాట్లు తినడం ఇదే మొదలు. సరే, మీ మాటే కానివ్వండి. అనుమతి రద్దు. మీ పని పక్కాగా ఉండాలని ఇవాళ పొద్దున్నే గేటుకు తాళం కూడా వేశాను. ‘ఈ దారిన నడవరాదు’ అని అట్టమీద రాసి వేలాడదీశాను. ఇప్పుడు సంతోషమేనా?

ఇట్లు,
రూబెన్ గార్సైడ్

తా.క. మధ్యాహ్నానికి ఆ అట్టను గొర్రెలు తినేశాయి. రేపు రేకుమీద రాస్తాను.


స్కెల్బరీ,
15 ఆగస్టు 1984

గార్సైడ్ గారికి,

బాబ్బాబు, రేకు వద్దు! తాళమూ వద్దు! అడ్డుపెట్టినా ఇరవై ఏళ్ళూ గంగలో కలిసినట్టే. మీరు రమ్మనకూడదు, రావద్దనకూడదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది మా పని. శనివారం లోపల తాళం తీసేసి, మమ్మల్ని చూసీ చూడనట్టు ఊరుకోండి చాలు.

అదేమంత కష్టం కాదు. మేమూ అలాగే నెట్టుకొచ్చాం. ఇన్నేళ్ళలో మాలో ఒక్కరం కూడా మీ ఇంటివైపు కన్నెత్తి చూడలేదు. చూస్తే పలకరింపు, పలకరిస్తే ‘వెళ్ళి రండి’ అనేస్తారు. ఆ ముక్క చాలు, అనుమతి అయిపోతుంది. ఇది మా సంఘంలో మొదటి నియమం.

భవదీయురాలు,
హిల్డా ప్రాక్టర్

తా.క. గొర్రెలకు సంఘం తరఫున కృతజ్ఞతలు. తీర్మానం ఏకగ్రీవం.


లోవర్ గిల్ పొలం,
3 సెప్టెంబరు 1984

ప్రాక్టర్ గారికి,

తాళం ఆ రోజే తీసేశాను. జవాబు రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

మా ఆవిడ నోరాకు నడుము పడిపోయి పదహారేళ్ళు మంచంలోనే ఉంది. మంచం వంటింటి కిటికీ పక్కన వేశాను. వారమంతా ఆమెకు కనబడేవి గొర్రెలూ నేనూ. శనివారం మిట్టమీద మీ ఊలు టోపీలు కనబడగానే చెయ్యి ఊపేది. మీరు పద్నాలుగు మందీ ఒక్కసారే మొహం అటు తిప్పేసుకునేవాళ్ళు. “మనం వాళ్ళకేం చేశాం, రూబెన్?” అని అడిగేది. ఏం చెప్పను? నాకూ తెలియదు. “చలిగాలికి తల తిప్పుకున్నారులే” అనేవాణ్ణి. జూలైలో కూడా అదే చెప్పేవాణ్ణి. ఈ మార్చిలో పోయింది. పోయే ముందటి శనివారం కూడా చెయ్యి ఊపింది. మీ కోపమేమిటో కనుక్కుందామనే నేను టీకి పిలిచింది.

మీ ఉత్తరం చదివాక నాకు కోపం వచ్చింది. వారం రోజులు తగ్గలేదు. తర్వాత ఆ లారీ మలుపు గుర్తొచ్చింది. మీకూ ఒక మనిషి పోయాడు కదా అనుకున్నాను.

మొన్న శుక్రవారం హార్న్‌విక్ వెళ్ళి ప్లీడరును అడిగాను. అనుమతి ఇస్తే ఒక తంటా, ఇవ్వకపోతే ఒక తంటా, దీనికి దారేమిటని. ఆయన కళ్ళద్దాలు తీసి నవ్వాడు. నేల సొంతదారు ఒక్క కాగితంమీద సంతకం పెట్టి జనానికి రాసిచ్చేస్తే చాలట. ఇరవై ఏళ్ళు అక్కర్లేదు, ఇరవై నిమిషాలు చాలు. అక్కడే పెట్టేశాను. కొనే పెద్దమనిషి మొహం మాడ్చుకున్నాడు, అయినా కొంటాడు. దారి ఇక మీదే.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరు 1964లో ఒక్కసారి వచ్చి అడిగి ఉంటే ఆ రోజే ఇచ్చేవాణ్ణి. నోరా మిమ్మల్ని పొద్దుగూకేదాకా కదలనిచ్చేది కాదు.

ఇట్లు,
రూబెన్ గార్సైడ్

తా.క. ఈ శనివారం కిటికీ దగ్గర నేను కూర్చుంటాను. చెయ్యి ఊపుతాను. చూడండి.