చల్లటి రాయి

జోలగెడ్డ కాలనీ,
20 మార్చి 1999

ప్రియమైన దుర్గకి,

పెళ్ళయిన ఎనిమిది నెలలకి గుర్తొచ్చానన్నమాట! నీ ఉత్తరం చూసి మా ఆయన ధనుంజయ్ "ఎవులే ఈ గుంట, ఇంత ముద్దుగా రాసింది?" అని అడిగాడు. డ్యామ్ కట్టేటప్పుడు మనవాళ్ళ మీద కేకలేసిన సూపర్‌వైజరు గారి కూతురు, క్యాంపు బడిలో నా పక్కన కూర్చుని నా నేరేడు పళ్ళన్నీ తినేసిన మనిషి అని చెప్పాను.

ఆ మనిషే ఇప్పుడు మా రిజర్వాయర్ పాటదారుడి భార్య! మా ఊరు ముంచిన నీళ్ళకి గోడ మీ నాన్న కట్టించారు, ఆ నీళ్ళలో చేపల్ని మీ ఆయన వేలంలో పాడుకున్నారు. మేం పట్టిందంతా ఆయనకే అమ్మాలి, ఆయన చెప్పిన రేటుకే. నవ్వుతూనే రాస్తున్నాను, మూతి ముడుచుకోకు.

ఎండాకాలం చేపలు ఎక్కడికి పోతాయని అడిగావు. బోట్లు ఖాళీగా వచ్చిన రోజు మీ ఇంట్లో కంచాలు ఎగురుతున్నాయని రాశావు. అయితే విను. ఏప్రిల్ వచ్చేసరికి పైనీళ్ళు కాగిపోతాయి. పొద్దెక్కాక పైన వల వేసేవాడు వెర్రివాడు. వలకి అడుగున రాళ్ళు కట్టి లోతుకి దింపాలి. గాలమైతే తెల్లవారకముందే, తవుడు ముద్ద గుచ్చి, ఒడ్డు వారన వెయ్యాలి. ఇంతవరకు మీ ఆయనకి చెప్పుకో.

ఇక మీదట రాసేది నీకొక్కదానికే. మా పాత ఊరి ఊట గుర్తుందా? మా అమ్మ నీకు ఆనపకాయ బుర్రతో నీళ్ళిచ్చింది, పళ్ళు జివ్వుమన్నాయని గెంతావు. అది మునిగిపోయినా ఊరడం మానలేదు. ఎండలకి నీళ్ళు తగ్గి చెరువంతా వేడెక్కితే, గుడ్లతో ఉన్న బొచ్చెలు, శీలావతులు అన్నీ ఆ చల్లటి మడుగులోకే చేరతాయి. వానలు పడి కొత్తనీరు దిగితే గెడ్డ ప్రవాహానికి ఎదురెక్కి గుడ్లు పెడతాయి. అందుకే ఎండాకాలం అక్కడ మా కాలనీలో ఎవరూ వల వెయ్యరు. ఏటా ఒక ఇంటికి కాపలా వంతు. ఈ ఏడు మాదే.

మడుగు ఎలా కనుక్కుంటామంటావా? తెప్ప మీద నుంచి చూస్తే ఒడ్డునున్న ఒంటి జీలుగు చెట్టు సరిగ్గా కొండ గండి మధ్యకి రావాలి. అక్కడ తాడుకి రాయి కట్టి దింపి, కాసేపుంచి లాగి, బుగ్గకి ఆనించుకోవాలి. రాయి చల్లగా వస్తే అదే మడుగు. అప్పుడు వెనక్కి తిరిగి వచ్చెయ్యాలి! ఈ ముక్క మీ ఆయన చెవిన పడిందో, మా బతుకు ఆరిపోయినట్టే.

నీ నేరేడు పళ్ళ బాకీదారు,
రాజీ

*

శృంగవరపుకోట,
6 ఏప్రిల్ 1999

ప్రియమైన రాజీకి,

బాకీదారుని నేను, నువ్వు కాదు. లెక్కలు నీకు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివి పొయ్యిలో పెట్టాను. అది కాలుతుంటే ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో నాకంటూ ఉన్న కాగితం అదొక్కటే. ఈయన వచ్చి "ఏటి రాసిందేటి మీ కొండ స్నేహితురాలు? ఎండాకాలం సేపలెక్కడుంటాయో రాసిందా?" అని అడిగారు. కరక్కాయ పచ్చడి ఎలా పెట్టాలో రాసిందన్నాను. అలాంటి పచ్చడి ఉందో లేదో నాకు తెలియదు, ఆయనకీ తెలియదు, బతికిపోయాను.

ఆ బుర్ర నీళ్ళ చల్లదనం నా నోట్లో ఇంకా ఉంది. మీ మడుగు నా కడుపులోనే ఉంటుంది, భయపడకు. నువ్వు మాత్రం రాయడం మానకు.

నీ
దుర్గ

*

జోలగెడ్డ కాలనీ,
28 ఏప్రిల్ 1999

ప్రియమైన దుర్గకి,

కరక్కాయ పచ్చడి సంగతి చదివి నవ్వలేక చచ్చాను. మీ ఆయనకి ఒకసారి తినిపించు, జన్మలో ఇంకేమీ అడగరు.

మొన్న సాయంత్రం పెద్ద గాలివాన. తెప్పలు రెండు విరిగాయి, మన జీలుగు చెట్టు వేళ్ళతో సహా నీళ్ళలోకి ఒరిగిపోయింది. ఇప్పుడు గండి ఉంది, చెట్టు లేదు. కాపలా మాది కాబట్టి నేనూ మా ఆయనా రోజంతా రాయి దింపుకుంటూ తిరిగి మడుగు మళ్ళీ పట్టుకున్నాం. కొత్త గుర్తులు పెట్టుకున్నాం. మా కాలనీ పెద్ద బుధు తాతకి కూడా ఇంకా చూపించలేదు. నీకూ చెప్పనులే, పచ్చళ్ళ పేరు చెప్పి తిప్పలు పడుతున్నావు.

మా ఆయనకి ఈమధ్య కాపలా మీద ధ్యాస లేదు. మీవాళ్ళ ఇంజను బోటు చప్పుడైతే చాలు, అన్నం ముందు నుంచి లేచి పోతాడు. "ఆ బండి నడపడం నాకిత్తే ఎగిరిపోనా!" అంటాడు. మగాళ్ళకి చప్పుడు చేసేదేదైనా గొప్పే.

నీ
రాజీ

*

జోలగెడ్డ కాలనీ,
16 మే 1999

సాయిదుర్గ గారికి,

గురువారం కాలనీ అంతా సంతకి పోయాం. నేను చింతపండు అమ్ముకుని వచ్చేసరికి మడుగు ఖాళీ. మీ వారి బోట్లు మూడు నేరుగా వచ్చి, సన్న కన్ను వలలతో చుట్టేసి, రెండు గంటల్లో అంతా లాగేశాయట, కొండ మీద మేకలు కాసే పిల్లలు చూశారు. కాపలా ఉన్న మా ఆయనకి ఎండదెబ్బకి కళ్ళు మూతబడ్డాయట. ఒడ్డు పొడుగునా పిల్ల చేపలు ఎండిపోయి ఉన్నాయి. గుడ్లు కారి ఇసకంతా జిగట.

ఇంకొకటి కూడా ఉంది ఒడ్డున. తాడు కట్టిన రాయి. రాయి దింపి చూడాలన్న మాట కాలనీ దాటి నేను రాసింది మీకొక్కరికే. చేప ఎక్కడుంటుందో, ఎందుకుంటుందో, ఊట దగ్గర్నుంచి అంతా విప్పి రాసిన బుద్ధిలేనిదాన్ని నేను. పొయ్యిలో పెట్టానన్నారు. బాగానే నమ్మించారు.

వచ్చే ఏడు మేం ఏం తినాలో మీ వారినే అడిగి చెప్పండి. మీ నాన్న ఊరు తీసుకున్నారు, మీ వారు నీళ్ళు తీసుకున్నారు, మీకు మిగిలింది నేనేగా!

ఇక ఉత్తరాలు వద్దు.
రాజకుమారి

*

బొబ్బిలి,
2 జూన్ 1999

రాజీకి,

వద్దన్నావు. అయినా ఇదొక్కటి రాస్తాను.

నేను మా పుట్టింట్లో ఉన్నాను. నన్ను తిడుతూ నువ్వు రాసిన ఉత్తరాన్ని ముందు చదివింది మా ఆయన సర్వేశ్వరరావు గారు. ఊట దగ్గర్నుంచి అంతా విప్పి రాశానన్న మాట పట్టుకున్నారు. "అంటే ఊట సంగతి నీకు మార్చి నుంచే తెలుసన్నమాట" అన్నారు. తెలుసు. ఆయన అడిగినప్పుడల్లా చేపలు ఎండాకాలం ఆనకట్ట గోడ నీడకి చేరతాయని చెప్పింది నేనే. మా నాన్న అక్కడే పనిచేశారు కదా, నమ్మారు. నెల రోజులు బోట్లు ఆ గోడ చుట్టూ తిరిగాయి. ఆ సంగతి కూడా బయటపడింది. నా పెట్టె సర్ది బస్సెక్కించారు. అత్తగారు నా ముఖం చూడలేదు.

ఇప్పుడు రెండు మాటలు అడుగుతాను. నేను నీ మొదటి ఉత్తరం అమ్ముకుని ఉంటే అందులో ఉన్నది జీలుగు చెట్టు గుర్తు. ఆ చెట్టు పడిపోయిందని నువ్వే రాశావు. లేని చెట్టును చూసుకుంటూ బోట్లు నేరుగా ఎలా వచ్చాయి?

రెండోది. నన్ను తిట్టిన ఆ ఇన్‌లాండు ఉత్తరం మీద తపాలా ముద్ర ఒక్కటి కూడా లేదు. ఆయన జేబులోంచి తీసి నా ముందు పడేశారు. దాన్ని పోస్టులో వెయ్యమని ఎవరికిచ్చావు?

నీతో ఒక బెంచీ మీద ఏడేళ్ళు కూర్చున్నాను. ఒక్క ఉత్తరం రాసి అడిగి ఉంటే చాలదా రాజీ?

దుర్గ

*

జోలగెడ్డ కాలనీ,
4 జూలై 1999

దుర్గకి,

మా ఆయనకిచ్చాను.

నీ ఉత్తరం ఆయన ముందు పెట్టి అడిగాను. దాచలేదు. బోటు డ్రైవరు పని ఇస్తానన్నారట, మడుగు చూపించాడట. వాళ్ళకి నమ్మకం కుదరాలని రాయి కూడా తానే దింపి చూపించాడట. నేను నిన్ను తిడుతూ రాస్తుంటే పక్కన కూర్చుని బీడీ కాల్చాడు దుర్గా! ఆ ఉత్తరం తీసుకెళ్ళి బోటు మీద మీ ఆయన చేతికే ఇచ్చాడు. అది నీ దాకా రాకపోతే కాదని నువ్వు రాసే వీలుండదు, నింద నీ మీదే నిలిచిపోతే తన పేరు ఎక్కడా రాదని. నేను అరిస్తే అన్నాడు కదా, "నువ్వు నీ నేస్తానికి రాత్తే తప్పు నేదు గానీ, నేను పని కోసం సెప్తే తప్పేటి?"

కాలనీలో అందరి ముందు నిలబడి మడుగు చూపించింది మా ఇల్లేనని చెప్పాను. నీకు ఉత్తరం రాసిన సంగతీ చెప్పాను. మూడు ఎండాకాలాలు వెళ్ళేదాకా మా ఇంటివాళ్ళు నీళ్ళలో దిగకూడదన్నారు. బుధు తాత నా ముఖం చూసి "నీకెందుకే అమ్మా ఆ రాతలు" అన్నాడు, అంతే. మా ఆయన ఇప్పుడు ఖాకీ చొక్కా వేసుకుని ఇంజను బోటు నడుపుతున్నాడు. మీవాళ్ళ బోటు షెడ్డులో పడుకుంటాడు. ఇంటికి రానివ్వడం లేదు నేను.

తరవాత శృంగవరపుకోట వెళ్ళాను. దుర్గ చెప్పలేదు, నేనే అబద్ధపు నింద వేశాను, ఆమె తప్పు లేదు, తీసుకొచ్చుకోండని మీ ఆయన కాళ్ళు పట్టుకున్నాను. ఆయన నవ్వారు. "సెప్పలేదనే కదమ్మా పంపేసింది" అన్నారు. నీ మంచితనం రుజువు చెయ్యడానికి పోయి నీ మీద ఆయన కేసు గెలిపించి వచ్చాను.

కొత్తనీరు పది రోజుల క్రితం దిగింది. ఏటా చేపలు ఎదురెక్కే చోట కాలనీ అంతా రెండు రోజులు నిలబడ్డాం. ఎర్రనీళ్ళు వచ్చాయి, ఆకులు వచ్చాయి. మూడో రోజు ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోయారు.

నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమిస్తావు, నాకు తెలుసు, అది నేను మొయ్యలేను. జవాబు రాయకు.

ఆనాడు ఒడ్డున దొరికిన ఆ రాయి పట్టుకుని నిన్న, దిగొద్దన్నా వినకుండా, తెప్ప మీద వెళ్ళి దింపి చూశాను. లాగి బుగ్గకి పెట్టుకున్నాను. రాయి ఎప్పటిలాగే చల్లగా వచ్చింది.

రాజకుమారి